మా ఇంటి గోడ మీద ఎర్ర గుర్తు

మొన్న శనివారం తిరుపతి నుంచి ఊరికి పోతే ఫస్ట్ కనపడింది గోడ మీద ఎర్ర పెయింట్. అడ్డంగా ఒక గీత, దాని మీద బాణం, పక్కన ఏదో నంబరు. అమ్మ దాని కిందే అరుగు మీద కూర్చోని అనపకాయలు ఒలుస్తా ఉంది, ఏమీ జరగనట్టే. ఏందిమా ఇది అంటే "రోడ్డోళ్ళు వచ్చి కొట్టి పోయినారు నాయనా, ఇంత లోపలికి పోతాదంట" అని లేచి వాకిట్లోకొచ్చి ముందు గది మధ్యలో కాలితో గీసి చూపించింది. అంటే మెట్లు పాయె, అరుగు పాయె, నాయిన ఉన్నప్పుడు కట్టించిన ముందు గది సగం పాయె. చూపించేసి మళ్ళీ పోయి కాయలు ఒలుచుకుంటా కూర్చుంది, రాత్రికి పితికిపప్పు చేయాలంట.

ముందే చెప్పేస్తా ఉండా, ఈ రోడ్డు గురించి నేను ఏం రాసినా దాంట్లో నా ముందు గది కూడా ఉంటుంది. అది మనసులో పెట్టుకునే చదవండి. ఊరి పేరు మాత్రం రాయను, రాస్తే పొద్దున్నే నలుగురు ఫోన్ చేస్తారు, దాంట్లో ముగ్గురు చుట్టాలే. చిత్తూరుకీ తిరుపతికీ మధ్యలో, ఒక హైవే నుంచి ఇంకో హైవేకి అడ్డంగా పోయే ఆర్ అండ్ బీ రోడ్డు మీద ఉండే మేజర్ పంచాయతీ అనుకోండి. నా చిన్నప్పుడు ఈ రోడ్డు మీద మధ్యాహ్నం పూట వడ్లు ఎండబోసేవాళ్ళు, బస్సు వస్తే దాని మీదే పోయేది. ఇప్పుడు అదే రోడ్డు దాటాలంటే అమ్మ ఎవరో ఒకరు తోడు వచ్చేదాకా నిలబడుకోని ఉంటాది.

సంగతి ఏందంటే ఈ ట్రాఫిక్ తగ్గించేదానికి రోడ్డుకి మూడు గీతలు, అంటే మూడు దారులు, గీసినారు. ఒకటి ఉన్న రోడ్డునే వెడల్పు చేయడం, బస్టాండు నుంచి గంగమ్మ గుడి దాకా ఒకటిన్నర కిలోమీటరు, ఇప్పుడు నలభై అడుగులుంటే ఎనభై అడుగులు చేస్తారంట. రెండోది తూర్పు పక్క చెరువు కింద మళ్ళల్లో నుంచి ఆరు కిలోమీటర్ల బైపాస్. మూడోది పడమటి పక్క గుట్ట అంచు పట్టుకోని మామిడి తోపుల్లో నుంచి తొమ్మిది కిలోమీటర్లు, దానికి రైలు లైను మీద బ్రిడ్జి కూడా కట్టాల. ఇంకా ఏదీ ఖాయం కాలేదు, రోడ్డోళ్ళు మీటింగు పెట్టి అభిప్రాయాలు చెప్పండి అన్నారు. ఇంక చూడండి, ఊర్లో టీ బంకు దగ్గర నుంచి క్షవరం షాపు దాకా అందరూ ఇంజినీర్లే.

దీంట్లో తమాషా ఏందంటే ఎవురి గీత వాళ్ళ ఇంటికి దూరంగా ఉంటుంది. మెయిన్ రోడ్డు షాపులోళ్ళకి బైపాస్ కావాల, కానీ మరీ దూరం పోగూడదు, పోతే గిరాకీ పోతుంది. చెరువు కింద కయ్యలుండే వాళ్ళు గుట్ట పక్కకి పొమ్మంటారు, తోపులుండే వాళ్ళు చెరువు పక్కకి పొమ్మంటారు. ఏ పక్కా ఏమీ లేనోళ్ళు మాత్రం ఏదో ఒకటి బిన్నా వేయండి సామీ అంటారు, వాళ్ళ మాట ఎవురూ వినరు.

నాకు ముందు నుంచీ ఒక డౌటు. అసలు రోడ్డు మీద ఇరుక్కునేది ఎవరు? అది తేలకుండా గీత ఎక్కడ గీస్తే ఏం లాభం. మొన్న జూన్లో, మామిడి సీజన్ మంచి ఊపులో ఉన్నప్పుడు, నేనూ మా బావా ఒక పిచ్చి పని చేసినాం. బావ టీ బంకు దగ్గర బెంచీ మీద, వాళ్ళ పిల్లోడు ఊరికి ఆ చివర రైలు గేటు కాడ, ఇద్దరి దగ్గరా ఒక్కో నోటు పుస్తకం. పోయే ప్రతి లారీ, కారు నంబరు చివరి నాలుగు అంకెలు, టైము రాసుకోవాల. సాయంత్రం రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టి ఈ కొసన వచ్చినోడు ఆ కొసన తేలినాడా లేదా అని చూసుకున్నాం. ఇదేం మా తెలివి కాదు, పెద్ద రోడ్లకి చేసే ఓడీ సర్వేలో కూడా ఒక పద్ధతి ఇదే, బండి యాడ నుంచి వస్తాంది యాడికి పోతాంది అని తెలుసుకునేది. వాళ్ళు కెమెరాలు పెట్టి చేస్తారు, మేము పదహైదు టీలతో ఒక రోజు చేసినాం, అంతే తేడా.

తేలిందేమంటే లారీలు పదింట్లో ఏడెనిమిది అటు తేలినాయి, వాటికి మా ఊర్లో ఏం పని లేదు, గూగుల్ మ్యాప్ ఈ పక్క దగ్గర అని చూపిస్తే వచ్చేసినాయి. కార్లు సగం కూడా తేలలేదు. బైకులు, ఆటోలు రాయనే లేదు, రాయాలంటే నలుగురు కావాల, కానీ వాటిని రాయక్కర్లేదు కూడా, బ్యాంకుకీ ఆస్పత్రికీ సంతకీ స్కూలుకీ వచ్చే మా మండలం జనమే అవి. అంటే ఎన్ని కోట్లు పెట్టి బైపాస్ వేసినా ఆ బైకులు, ఆటోలు ఒక్కటీ దాని మీదికి పోదు. లారీలు పోతాయి. లారీలు పోతే చాలు కదా అంటారా, ఆగండి.

ట్రాక్టర్ల సంగతి చెప్పాల. జూన్, జూలైలో మా పక్క తోతాపురి అంతా ఒక్కసారే కోతకొస్తుంది. బంగారుపాళ్యం, దామలచెరువు మార్కెట్లు చూసినోళ్ళకి చెప్పక్కర్లేదు. మా ఊరికి చిత్తూరు పక్క కొసన జ్యూస్ ఫ్యాక్టరీలుండాయి. ఆ రోజు పది గంటల నుంచి పదకొండు దాకా ఒక్క గంటలో బావ లెక్క పెట్టింది 34 ట్రాక్టర్లు, అన్నీ ట్రాలీ నిండా కాయ. ట్రాఫిక్ లెక్కల్లో బండిని బండిగా లెక్కపెట్టరు, కారుతో పోల్చి లెక్కపెడతారు, పీసీయూ అంటారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఊరి బయట రోడ్లకి 1990లో ఇచ్చిన పట్టీలో కారు, ఆటో ఒకటి, బైకు అర, లారీ బస్సు మూడు, ట్రాక్టర్ ట్రాలీ నాలుగున్నర. ఎద్దుల బండికైతే ఎనిమిది! అంటే నిదానంగా పోయే బండే రోడ్డుని ఎక్కువ తింటుంది అని. ఆ లెక్కన మా 34 ట్రాక్టర్లు 153 కార్లకి సమానం, లేదా 51 లారీలకి. గంటకి.

అవి పోతా ఉంటే పరవాలేదు, నిలబడిపోతాయి. అసలు జబ్బు అది. ఫ్యాక్టరీ గేటు దగ్గర టోకెన్ ఇస్తారు, లోపల దించేదానికి టైము పడుతుంది, టోకెన్ వచ్చేదాకా ట్రాక్టర్లు రోడ్డు పక్కన వరసగా. ఆ వరస గేటు దగ్గర మొదలై పెట్రోల్ బంకు దాటి ఒక్కోసారి బస్టాండు దాకా వచ్చేస్తుంది. రైతు ట్రాలీ కింద గోనెపట్ట పరుచుకోని పండుకోని ఉంటాడు, ఒక రాత్రి కాదు, రెండు మూడు రాత్రులు కూడా. పైన కాయ మెత్తబడి రసం కారి తారు మీద జిగురు జిగురుగా, ఈగలు, ఆ పులిసిన వాసన ఒకటి, దాని మీద బైకు బ్రేకు వేస్తే గోవిందా. నలభై అడుగుల రోడ్డులో పది అడుగులు ట్రాక్టర్ల వరసకి పాయె, ఇంకో పది అడుగులు ఎదురుగా పెట్టిన బైకులకి పాయె, మిగిలిన ఇరవైలో ఆర్టీసీ బస్సూ టిప్పరూ ఎదురు పడితే ఎట్లుంటుందో చూసుకోండి.

ఎనభై అడుగులు చేసినా ఆ ట్రాక్టర్లు యాడికీ పోవు కదా, రెండు వరసల్లో నిలబడతాయి. గేటు లోపలికో పక్కనే ఒక నాలుగైదెకరాల యార్డుకో వాటిని పంపి, టోకెన్ ఫోన్‌కి పంపితే జూన్ జామ్‌లో సగం ఆ వారంలోనే పోతుంది. దానికి బైపాస్ అక్కర్లేదు, నా ముందు గదీ అక్కర్లేదు. ఇది మీటింగులో చెప్తే "అది మా పరిధిలోకి రాదు, మేం రోడ్డు వరకే" అన్నారు. వాళ్ళ మాటలోనూ తప్పు లేదు లెండి, రోడ్డేసే వాళ్ళని అడిగితే రోడ్డే ఇస్తారు, కానీ రోడ్డు మీద నిలబడేదాని సంగతి మాట్లాడకుండా రోడ్డు గురించి ఏం మాట్లాడతాం.

తిరుపతిలో శ్రీనివాస సేతు చూపించి "అట్లా మనకీ ఫ్లైఓవర్ కట్టేస్తే పోలా" అనే వాళ్ళు ఉండారు. నేను రోజూ దాని కిందా మీదా తిరిగే వాడినే. ముందు గరుడ వారధి అని మొదలుపెట్టి, పేరు మారి, 2023లో పూర్తిగా తెరిచినారు, ఏడు కిలోమీటర్ల పైన. అది పని చేస్తాది, ఎందుకంటే దాని మీద ఎక్కే వాడికి ఊర్లో పని లేదు. తిరుచానూరు పక్క నుంచి వచ్చే యాత్రికుడికి కావాల్సింది కపిలతీర్థం, అలిపిరి, మధ్యలో రామానుజ సర్కిల్‌తో వాడికేం పని. కొండకి పోయే జనం, ఊర్లో తిరిగే జనం అని అంత క్లియర్‌గా విడిపోయే ఊరు ఇంకోటి ఉండదు. పైగా అది కట్టిన ఆ నాలుగేళ్ళూ కింద షాపులోళ్ళు పడిన తిప్పలు నేను కళ్ళారా చూసినా, బారికేడ్ల మధ్యలో సందు చేసుకోని వ్యాపారం చేసినారు పాపం. మా ఊరికి అంత సీను లేదు.

సరే మొదటి గీత. వెడల్పు. అందరికన్నా తొందరగా అయ్యేది ఇదే అని చెప్తారు, భూమి తక్కువ కావాల కాబట్టి. లెక్క మాత్రం తప్పు. పొలం ఎకరా తీసుకుంటే ఒక పట్టాదారుతో మాట్లాడతావు, బజార్లో ఎకరా తీసుకోవాలంటే వందమందితో. ప్రతి ఇంటికీ ముందు భాగం కొలవాల, గోడకి వేరే, మెట్లకి వేరే, పైన రేకుల షెడ్డుకి వేరే, బాడుగకి ఉండే వాడికి ఏంది అనేది ఇంకో రగడ. 2013 భూసేకరణ చట్టంలో బతుకుతెరువు పోయే కిరాయిదారుని కూడా బాధిత కుటుంబం అనే అంటారు, ముందు మూడేళ్ళ నుంచి అక్కడ ఉంటే, కానీ చాలామందికి అగ్రిమెంటు కాగితమే ఉండదు, నోటి మాట మీద ఇరవై ఏళ్ళుగా నడస్తా ఉంటుంది. మా ఇంటి పక్క టైలరు అట్లాంటోడే. ఇంకొకటి, ఇంట్లో ముక్క మాత్రమే తీసుకుంటాం అంటే ఓనరు "అట్లయితే మొత్తం తీసుకోండి" అని అడగొచ్చు, దానికి అదే చట్టంలో 94వ సెక్షన్ ఉండాది. ఇది మా వీధిలో ఒక్కరికీ తెలీదు, నాకూ మొన్నటిదాకా తెలీదు.

చింత చెట్లు మర్చిపోయినా. గంగమ్మ గుడి పక్క రోడ్డుకి రెండు పక్కలా పాతకాలం చెట్లు, తెల్ల సున్నంతో నంబర్లు వేసిన్నాయి. ఏటా చింతకాయకి వేలం పాడతారు. ఎనభై అడుగులంటే అన్నీ పోతాయి. గంగమ్మ గుడిని మాత్రం ఎవరూ ముట్టుకోరు, అది అందరికీ తెలుసు, సర్వే వాళ్ళకీ తెలుసు, అందుకే ఆ గీత గుడి దగ్గరికొచ్చి మెలిక తిరిగి అవతల పక్క ఇళ్ళల్లోకి పోతుంది! జాతర రోజున ఎనభై అడుగుల రోడ్డు నిండా జనమే ఉంటారు ఎట్లాగూ.

దీంట్లో నాకొచ్చిన ఆలోచన ఒకటుంది, నవ్వుకున్నా పరవాలేదు. తిరుమల ఘాట్ రోడ్డు చూడండి. మొదటిది 1944లో తెరిచినారు, 36 మలుపులు, అది చాలక పోయేసరికి అదే రోడ్డుని కొండ తవ్వి తవ్వి వెడల్పు చేస్తా కూర్చోలేదు. 1974కి ఇంకో రోడ్డేసి, ఎక్కేదానికి ఒకటి, దిగేదానికి ఒకటి చేసేసినారు. ఎదురు బండి లేకపోతే ఉన్న వెడల్పే రెట్టింపు అయినట్టు. మా ఊర్లో మెయిన్ రోడ్డుకి వెనకనే పాత సంత వీధి ఉండాది, ముప్పై అడుగులు, బస్టాండు దగ్గర కలుస్తుంది, గుడి దగ్గర కలుస్తుంది. మధ్యలో ఒక నూరు గజాలు కాలవ మీద పూడ్చుకోని ఆక్రమించినారు, అది తీసి మూత వేస్తే చాలు. పోయే బండ్లు ఇటు, వచ్చే బండ్లు అటు. నాలుగు బోర్డులు, ఇద్దరు హోంగార్డులు. దీనికి డీపీఆర్, అంటే పెద్ద ప్రాజెక్టు రిపోర్టు, కూడా అక్కర్లేదు. బావకి చెప్తే "వన్ వే అంటే మనోళ్ళు రాంగ్ రూట్లో ఇంకా జోరుగా వస్తారు రా" అన్నాడు. అదీ నిజమే.

రెండో గీత, చెరువు కింద. మ్యాపు మీద చూస్తే ఇదే అందంగా ఉంటుంది, చదునుగా, నేరుగా, ఆరు కిలోమీటర్లే. నాలుగు లైన్ల బైపాస్‌కి 60 మీటర్ల వెడల్పు తీసుకుంటారు, అంటే కిలోమీటరుకి దాదాపు 15 ఎకరాలు, మొత్తం 90 ఎకరాలు, అంతా తడి భూమి. మా చిన్నాయనది అందులో రెండెకరాల కయ్య. ఆయనతో పాటు గట్టు మీద నడిచినా ఆదివారం పొద్దున. సర్వే రాయి సరిగ్గా ఆయన కయ్య మధ్యలో పాతినారు, పైన పసుపు పచ్చ పెయింట్. బోరు రాయికి ఇటు పక్క, మడి అటు పక్క. "రోడ్డు పడినంక నీళ్ళు ఎట్ల తీసకపోవాల్రా, బకెట్లతోనా" అన్నాడు. నేను అప్పటికే కొంచెం చదువుకోని ఉంటి కాబట్టి, చీలిపోయే భూమికి జరిగే నష్టం కూడా పరిహారంలో లెక్క కట్టాల, ఇంకా ముఖ్యంగా కట్ట పోసే ముందే అడ్డంగా ఒక పైపు పెట్టమని రాసివ్వాల, తారు పడినంక ఎవడూ తవ్వనీయడు అని చెప్పినా. ఇది ఏ రోడ్డుకైనా పొలం పోయే వాళ్ళు గుర్తుపెట్టుకోండి, డబ్బులు ఎంతొస్తాయి అనేదాని మీదే ధ్యాస పెట్టి పైపు, దారి, కల్వర్టు అడగడం మర్చిపోతారు.

డబ్బుల మాట వచ్చింది కాబట్టి అది కూడా. చట్టం ప్రకారం మార్కెట్ విలువ అంటే రిజిస్ట్రేషన్ ఆఫీసు విలువ, లేదా చుట్టుపక్కల అలాంటి భూమికి గడిచిన మూడేళ్ళలో జరిగిన రిజిస్ట్రేషన్లలో ఎక్కువ ధర ఉన్న సగం తీసుకోని వాటి సగటు, ఏది ఎక్కువైతే అది. పల్లె భూమికైతే దాన్ని ఒకటి నుంచి రెండు దాకా రాష్ట్రం నిర్ణయించిన అంకెతో హెచ్చిస్తారు, చెట్లూ బోరూ కలుపుతారు, ఆ మొత్తానికి అంతే మొత్తం సొలేషియం, అంటే ఊరట కింద ఇచ్చే డబ్బు, కలుపుతారు. వినేదానికి బాగుంది. ఇప్పుడు మెలిక చూడండి, మా పక్క ఎకరా ఎంతకి కొన్నా స్టాంపు డ్యూటీకి భయపడి కాగితంలో మూడో వంతో నాలుగో వంతో రాయించుకుంటారు. ఊరంతా ఇరవై ఏళ్ళు అట్లా రాయించుకున్న కాగితాలే ఇప్పుడు ఊరి ధర అవుతాయి. చిన్నాయనకి ఇది చెప్పినప్పుడు ఆయన ముఖం చూడలేకపోయినా, ఎందుకంటే పక్క కయ్య కొన్నది ఆయనే, కాగితంలో తక్కువ రాయించింది ఆయనే.

అయినా నాకు ఈ గీత మీద కోపం చిన్నాయన కయ్య గురించి కాదు, చెరువు గురించి. ఆరేడు అడుగులు ఎత్తు మట్టికట్ట ఆయకట్టుకి అడ్డంగా పోస్తే అది రోడ్డు కాదు, ఇంకో చెరువు కట్ట. మొరవ పారినప్పుడు, అంటే చెరువు నిండి మిగులు నీళ్ళు బయటికి పొర్లినప్పుడు, ఆ నీళ్ళు యాడికి పోవాల? కల్వర్టులు పెడతారు సరే, ఎండాకాలంలో వచ్చి చూసి పెట్టిన కల్వర్టు వానాకాలం నీళ్ళకి సరిపోదు. 2021 నవంబరు మర్చిపోయినామా అప్పుడే? తిరుపతి పక్కన రాయలచెరువు కట్టకి లీకేజీ వచ్చి కింద ఊర్లు ఊర్లే ఖాళీ చేయించినారు, ఐదొందల ఏళ్ళ నాటి చెరువు, కట్ట తెగితే ఏమవుతుందో అని రాత్రంతా టీవీల ముందు కూర్చున్నాం. స్వర్ణముఖి అప్పుడు ఎట్లా పారిందో చూసినోళ్ళు చెరువు కింద రోడ్డు వేద్దాం అనరు. మా చెరువు కూడా ఆ వారం నిండి మొరవ పారింది, సరిగ్గా ఇప్పుడు సర్వే రాళ్ళు పాతిన చోటే మోకాలు లోతు నీళ్ళు. ఫోటోలు ఉండాయి నా ఫోన్లో. కలెక్టరేట్లో ఇచ్చే అర్జీతో పాటు అవి ప్రింట్ తీసి పెడతా ఉండా.

మూడో గీత, గుట్ట పక్క. తొమ్మిది కిలోమీటర్లు, అంటే 135 ఎకరాలు, సగం పైన మామిడి తోపులు. ఇరవై, ముప్పై ఏళ్ళ చెట్టుకి ఎంత కడతారు అనేది హార్టికల్చర్ వాళ్ళు చూడాల. రైలు లైను ఒకటి దాటాల. గేటు తీసేసి కింద నుంచి అండర్ బ్రిడ్జి అని ఒక మాట వినపడతా ఉంది, ఖర్చు తక్కువని. దయచేసి వద్దు. తిరుపతిలో వెస్ట్ చర్చి దగ్గర అండర్ బ్రిడ్జి గట్టి వాన పడితే ఎట్లా నిండుతుందో అందరికీ తెలుసు. పైన బ్రిడ్జి అంటే కరెంటు లైను ఉన్న రైలు మీద నుంచి పోవాల, ఎనిమిది మీటర్లు లేపితే 30 మీటర్లకి ఒక మీటరు వాలు లెక్కన రెండు పక్కలా పావు కిలోమీటరు అప్రోచ్. ఖర్చే. కానీ మిట్ట భూమి, నీళ్ళు నిలబడవు, ఇళ్ళు లేవు, ఇంకో మేలు ఏందంటే ఆ గీత జ్యూస్ ఫ్యాక్టరీల వెనక నుంచి పోతుంది. వెనక గేటు పెట్టించగలిగితే తోపుల్లో నుంచి వచ్చే ట్రాక్టర్లు ఊర్లోకి రానే రావు. మీటింగులో ఈ ముక్క ఒక్కరూ మాట్లాడలేదు, అందరూ లారీల గురించే.

గుట్ట పక్క గీతకి ఉండే భయం ఒకటే, ఎయిర్ బైపాస్ రోడ్డు. తిరుపతికి కొత్తగా వచ్చినోళ్ళు అది ఎయిర్‌పోర్టుకి పోయే రోడ్డు అనుకుంటారు, కాదు, ఆలిండియా రేడియో దగ్గరిది కాబట్టి ఏఐఆర్ బైపాస్. పేరులో మాత్రమే బైపాస్. ఇప్పుడు అక్కడ హోటళ్ళు, ఆస్పత్రులు, బట్టల షాపులు, సాయంత్రం ఏడింటికి బండి పెట్టేదానికి చోటుండదు, దాన్ని తప్పించుకోని పోయేదానికి ఇంకో రోడ్డు వెతుక్కోవాల. మా గుట్ట పక్కకి ఇంకా గీతే పడింది, అప్పుడే తోపులకి బేరాలు వస్తా ఉండాయంట, ఫ్రంటేజీ అని, అంటే రోడ్డుని ఆనుకోని ఉండే ముందు భాగం. ప్రతి ప్లాటుకీ నేరుగా రోడ్డు మీదికి దారి ఇచ్చేస్తే పదేళ్ళకి అది మా రెండో బజారు. మన జిల్లా మీదుగానే పోయే బెంగుళూరు చెన్నై ఎక్స్‌ప్రెస్ వే మీదికి పొలంలో నుంచి ఎవడూ ఎక్కలేడు, ఇంటర్‌చేంజి దగ్గరే ఎక్కాల, దిగాల. మాకు అంత అవసరం లేదు, కనీసం పక్కన సర్వీసు రోడ్డు, మూడు నాలుగు జంక్షన్లు, మిగతా అంతా మూసేయడం. అది మొదటి రోజే చేయాల, ఒక్క టీ బంకు పడినంక ఇంక ఎవరి వల్లా కాదు.

బైపాస్ పడితే ఊరు చచ్చిపోతుంది అని మెయిన్ రోడ్డు టిఫిన్ హోటలు అన్న బాధ. ఆయన మాటలో నిజం లేకపోలేదు, లారీ డ్రైవర్లు ఆయనకి పొద్దున గిరాకీ. కానీ మా పుస్తకాల్లో చూస్తే ఆగే లారీలు కొన్నే, పదింట్లో ఏడెనిమిది హారన్ కొట్టుకుంటా పోయేవే. ఆయన బోండా తినేది మండలం జనం, వాళ్ళు రోడ్డు దాటలేక రావడం మానేస్తా ఉండారు, అమ్మ లాగా. ఆయనకి ఇది చెప్పినా. "నీకేం నాయనా తిరుపతిలో ఉంటావు" అన్నాడు. దానికి జవాబు లేదు నా దగ్గర.

మొత్తానికి నా అర్జీలో రాసింది ఇది. వచ్చే జూన్ లోపల ట్రాక్టర్లకి యార్డు, ఫోన్ టోకెన్. సంత వీధి తెరిచి వన్ వే ఒక ఆరు నెలలు ట్రయల్. మూడో గీతకి భూమి ఒకేసారి మొత్తం తీసుకోండి, రోడ్డు మాత్రం ముందు రెండు లైన్లే వేయండి, మిగతా రెండిటికీ చోటు ఖాళీగా ఉంచండి, లేకపోతే తర్వాత దొరకదు. రెండో గీత వద్దు, దానికి ఫోటోలు జతపరచడమైనది. మొదటి గీత గురించి ఏం రాయాలో చాలాసేపు ఆలోచించినా. వద్దు అని రాస్తే ఇల్లు కాపాడుకుంటా ఉండాడు అంటారు, కావాల అని రాసేంత త్యాగం నాకు లేదు. చివరికి "బండ్ల లెక్క పూర్తి వారం రోజులు, మామిడి సీజన్లో ఒకసారి, సీజన్ లేనప్పుడు ఒకసారి తీసినాక మాట్లాడదాం" అని రాసినా. బావ చదివి "తెలివైనోడివే" అని నవ్వినాడు. అది పొగడ్తో ఎత్తిపొడుపో తెలీలేదు. సోమవారం కలెక్టరేట్లో గ్రీవెన్స్‌కి ఇద్దరం పోతా ఉండాం, నోటు పుస్తకాలు రెండూ ఎత్తుకోని.

సంక్రాంతికి ఇంటికి సున్నం కొట్టించాల. ఆదివారం సాయంత్రం నేను బయల్దేరతా ఉంటే పెయింటరు వచ్చి ఆ గుర్తు చూసి "అమ్మా, దీని మీద కూడా కొట్టేదా" అన్నాడు. అమ్మ కాసేపు ఆలోచించింది. "దాని చుట్టూరా కొట్టు, దాన్ని ముట్టుకోవద్దు, మళ్ళీ వచ్చి ఇంకో అడుగు లోపల కొట్టి పోతారు" అని చెప్పి, వాడికి టీ పెట్టేదానికి లోపలికి పోయింది.